పద్యాల్లో ఉన్న ప్రేమ మా ఇంట్లో ఎందుకు లేదు?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. ఎం.ఏ. తెలుగు చేసి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పెద్దలు కుదిర్చిన పెళ్లి. ఏడేళ్లయింది, ఒక పాప. మావారు మంచి మనిషే. తాగుడు లేదు, తిట్టడం లేదు, జీతం తెచ్చి ఇంట్లోనే పెడతారు. మా మధ్య ఇంతవరకు ఒక్క గొడవ కూడా లేదు. కానీ ఫోన్ చేస్తే 'తిన్నావా, గ్యాస్ బుక్ చేశావా' అనే రెండు మాటలు దాటి మూడో మాట రాదు. మా కాలేజీలోనే పనిచేసే ఒకాయన ఏడాదిగా రాత్రిపూట పద్యాలు, క్షేత్రయ్య పదాలు వాట్సాప్‌లో పంపుతున్నారు. అంతకుమించి ఏమీ లేదు. చదివి డిలీట్ చేసేస్తాను. అవి రాని రోజు మాత్రం ఏదో వెలితిగా ఉంటుంది. అసలు ప్రేమంటే ఏది? వరూధినిదా, రుక్మిణిదా, సత్యభామదా? మరి నాది ఏమిటి? మామూలు కౌన్సెలింగ్ మాటలు వద్దు, కవిత్వంతోనే చెప్పండి. నాకు అదే అర్థమవుతుంది.

సమాధానం: సరే, కవిత్వంతోనే చెబుతాను. మీరు తెలుగు చదువుకున్నారు కాబట్టి పద్యాలకి అర్థాలు చెప్పే శ్రమ నాకు తప్పింది.

ముందు ఒక లెక్క చూద్దాం. అష్టవిధ నాయికలు మీకు కంఠతా వచ్చే ఉంటారు, భరతుడి నాట్యశాస్త్రం నుంచీ వస్తున్న వరసే. వాసకసజ్జిక పడకగది సర్దుకుని ఎదురు చూస్తుంటుంది, విరహోత్కంఠిత ఇంకా రాలేదేమని కుమిలిపోతుంటుంది, విప్రలబ్ధ చెప్పిన చోటికి వెళ్లి మోసపోతుంది, ఖండిత తెల్లారి ఇంటికొచ్చిన మగడి ఒంటిమీద ఇంకో ఆవిడ గుర్తులు చూసి మండిపడుతుంది, కలహాంతరిత తిట్టి పంపేసి ఆ తర్వాత ఏడుస్తుంది, ప్రోషితభర్తృకకి మొగుడు పరదేశంలో ఉన్నాడు, అభిసారిక చీకట్లో తనే బయల్దేరింది. ఇక మిగిలింది స్వాధీనపతిక. అంటే ఎనిమిదిమందిలో మనిషి పక్కనే ఉండి, మనసు కూడా పక్కనే ఉన్నది ఒక్కతికే. మిగతా ఏడుగురిదీ ఏదో ఒక రకం కొరతే.

మన కవిత్వం అంతా దాదాపు ఈ నిష్పత్తిలోనే నడిచింది. శృంగారాన్ని సంభోగమని (కలయిక), విప్రలంభమని (ఎడబాటు) రెండుగా చేశారు గానీ కవుల కలాలు బాగా కదిలింది రెండోదాని దగ్గరే. ఎందుకంటే దూరంలో కథ ఉంటుంది, ఎదురుచూపు ఉంటుంది, చంద్రుణ్ణి తిట్టుకోవచ్చు, మన్మథుణ్ణి తిట్టుకోవచ్చు, చెలికత్తెలు చందనం పూయొచ్చు. మొగుడు ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చుంటే పద్యం ఏం రాస్తారు? మీకు పద్యాల్లో ఉన్నది ఇంట్లో కనిపించకపోవడానికి సగం కారణం ఇదే, ఆ పద్యాలు రాసింది ఇంటి గురించి కాదు. మిగతా సగం మీ ఇంట్లోనే ఉంది, దానికీ వస్తాను.

వరూధిని సంగతి. పెద్దన మనుచరిత్రలో, హిమాలయాల్లో చిక్కుకుపోయిన ప్రవరుడనే బ్రాహ్మణుడి మీద మనసుపడ్డ అప్సరస. ఆవిడది ప్రేమ కాదు, వట్టి కామం అని తరగతుల్లో తేల్చేస్తారు, నాకైతే ఆ తీర్పు నచ్చదు. 'ఇంతలు కన్నులుండ తెరువెవ్వరి వేడెదు భూసురేంద్ర' అని అడిగే మనిషికి తెలివి ఉంది, సరసం ఉంది, తర్వాత పడ్డ బాధలో అబద్ధమూ లేదు. కాకపోతే ఆవిడకి ప్రవరుడి గురించి తెలిసిందల్లా అతని అందమే. ఇల్లెక్కడో, ఇంట్లో ఎవరున్నారో, పొద్దున్న లేస్తే ఏం చేస్తాడో, ఏదంటే భయపడతాడో ఆవిడకి అక్కర్లేదు. కోరిన చోటికి చేరుస్తుందని సిద్ధుడిచ్చిన పాదలేపం మంచుకి కరిగిపోయి, ఇంటికెళ్లే దారి తెలియక అల్లాడుతున్న మనిషిలో ఆవిడకి కనపడింది తన కోరిక ఒక్కటే. పూర్వరాగం, అంటే కలవకముందే పుట్టే ప్రేమ, అంతే మరి. అది తప్పేం కాదు గానీ, ఎదుటి మనిషి గురించి పెద్దగా ఏమీ తెలియకపోవడమే దానికి పెట్టుబడి.

ఇదే కథలో ఎవరూ పట్టించుకోని ఇంకో ఆడమనిషి ఉంది చూడండి, ప్రవరుడి భార్య. మన మనసులో మిగిలే ఆవిడ బొమ్మ ఒకటే, వేయిమంది వచ్చినా వండడానికి అలసిపోదు, సాక్షాత్తూ అన్నపూర్ణకి జోడీ. ఆ తర్వాత హిమాలయాల్లో చిక్కుకున్న ప్రవరుడు ఇంటివాళ్లందరినీ తలుచుకునే సీసంలో, నిమిషం కనపడకపోతే ఊరంతా వెతికే తండ్రి, సందెవేళ గడప దాటనివ్వని తల్లి, వాళ్ల తర్వాత 'అనుకూలవతి నాదు మనసులో వర్తించు కులకాంత మది నెంత కుందునొక్కొ' అంటాడు. ఒక్క పాదం! వరూధిని విరహానికి పద్యాల మీద పద్యాలు ఖర్చుపెట్టిన పెద్దన, ఈవిడకి ఒక్క సీస పాదంతో సరిపెట్టాడు. కానీ ఆ పాదం ఇంకోసారి చదవండి. 'ఆవిడ నాకోసం ఏడుస్తుంటుంది' అనడం వేరు, 'నా మనసులో ఉండే మనిషి' అనడం వేరు. ఆ మాట అన్నవాడు కళ్లముందు అప్సరస నిలబడితే వద్దని వెళ్లిపోయాడు. పద్యాల సంఖ్యని బట్టి ప్రేమని కొలిస్తే ప్రవరుడి కాపురానికి సున్నా మార్కులే పడతాయి. మీరు మీ ఇంటిని కొలుస్తున్నది ఆ కొలబద్దతోనే అని నా అనుమానం.

ఇక మీ కాలేజీ ఆయన. ఆయన్ని నేను చూడలేదు, చెడ్డవాడనీ అనను. కానీ మనుచరిత్ర ప్రవరుడు వెళ్లిపోవడంతో అయిపోలేదు కదా. అంతకుముందు వరూధిని కాదన్న గంధర్వుడు ఒకడున్నాడు. ఆవిడకి ఏ రూపం మీద మనసైందో తెలుసుకుని, అచ్చం ఆ రూపంతోనే వస్తాడు. ఆవిడ ఏం వినాలనుకుంటోందో తెలిసినవాడు కాబట్టి పని సులువైంది. అయితే ఒక షరతు పెట్టాడు, దగ్గరైనప్పుడు కళ్లు మూసుకోవాలని. మీరు డిలీట్ చేస్తున్నది ఎవరి కళ్లకి కనపడకూడదని? మావారు చూస్తారేమో అంటారు. ఆయన మీ ఫోన్ ముట్టుకునే మనిషిలా ఉత్తరంలో నాకెక్కడా కనపడలేదు. పొద్దున్నే వెలుతుర్లో మీరే మళ్లీ చదవాల్సి వస్తుందని డిలీట్ చేస్తున్నారేమో ఒకసారి ఆలోచించండి. ఆ కాలేజీ ఆయనకి మీ గురించి తెలిసింది ఒక్కటే, ఈవిడకి పద్యాలంటే ఇష్టమని. మీకు ఆయన గురించి తెలిసింది కూడా ఆ ఒక్కటే.

ఇంకో మాట కూడా చెప్పనివ్వండి. క్షేత్రయ్య గొప్పవాడే, పదిహేడో శతాబ్దంలో ఆడవాళ్ల నోట అంత నిర్మొహమాటంగా మాట్లాడించినవాడు ఇంకొకడు కనపడడు. కానీ 'మంచి దినము నేడే మహరాజుగ రమ్మనవే' లాంటి పదం రాత్రి పదకొండింటికి సహోద్యోగిని ఫోన్‌కి పంపేవాడికి ఆనందభైరవి రాగం మీద పరిశోధన చేసే ఉద్దేశం ఉండదు. ఇది మీకూ తెలుసు. 'అంతకుమించి ఏమీ లేదు' అన్నారు. నిజమే అయుండొచ్చు, కానీ అంతకుమించి ఏదో ఉండాలని ఎవరో ఒకరు అనుకుంటున్నారు కాబట్టే ఏడాదిగా ఆగలేదు.

రుక్మిణి గురించి అడిగారు. ఆవిడ కూడా చూడకుండానే ప్రేమించింది, గుణాలు చెవినబడి మనసు పారేసుకుంది. ఆ మాటకొస్తే ఆవిడదీ పూర్వరాగమే. మరి వరూధినికీ ఆవిడకీ తేడా ఎక్కడుంది? నాకు ఆ తేడా రుక్మిణి కృష్ణుడికి పంపిన ఉత్తరంలో కనపడుతుంది. పోతన రుక్మిణి 'ప్రాణేశ, నీ మంజుభాషలు వినలేని కర్ణరంధ్రంబుల కలిమియేల' అంటుంది, మనమంతా అక్కడే ఆగిపోయి ఆహా అంటాం. ఆ పక్కనే ఆవిడ ఎంత లెక్కగా మాట్లాడిందో చూడం. నన్ను చైద్యుడికి (శిశుపాలుడికి) ఇవ్వబోతున్నారు, పెళ్లికి ముందురోజు మా ఆచారం ప్రకారం ఊరి బయట గౌరి గుడికి పంపుతారు, నువ్వు అక్కడికి రా, బలగంతో రా, తీసుకెళ్లు, రాకపోతే బతకను. ఎక్కడ, ఎప్పుడు, ఎలా, లేకపోతే ఏమవుతుంది, అన్నీ ఉన్నాయి. తనకేం కావాలో చెప్పడానికి ఆవిడ సిగ్గుపడలేదు. చెప్పి పంపించాక పడిన టెన్షన్ మాత్రం మామూలుది కాదు, 'ఘనుడా భూసురు డేగెనో, నడుమ మార్గశ్రాంతుడై చిక్కెనో' అని మొదలెట్టి, కృష్ణుడు విని తప్పుగా అనుకున్నాడో, అసలు వస్తున్నాడో లేదో అని ఒకే పద్యంలో రకరకాలుగా కొట్టుకుపోతుంది. బ్లూ టిక్కులు పడి జవాబు రాని ఫోన్ పట్టుకు కూర్చున్న ఎవరికైనా ఆ పద్యం వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. కానీ అంత భయంలోనూ ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకోలేదు, దాచుకోలేదు. మీ రాత్రి మెసేజీల్లో ఇలాంటిది ఏ ఒక్కటైనా ఉందా, ఎవరైనా ఎవరికైనా ఏదైనా తేల్చి చెప్పినది?

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. 'ఒక్క గొడవ కూడా లేదు' అని మీరు మెచ్చుకోలుగా రాశారు. ఉత్తరం మొత్తంలో నన్ను కంగారుపెట్టింది ఆ వాక్యమే.

హాలుడి గాథాసప్తశతిలో ఒక గాథ ఉంది, శాతవాహనుల నాటిది. ఆలుమగలకి ఏదో మాటామాటా వచ్చింది. ఇద్దరూ అటొకరు ఇటొకరు తిరిగి పడుకున్నారు, నిద్ర నటిస్తున్నారు. ఊపిరి బిగబట్టి, కదలకుండా, అవతలి మనిషి శ్వాస ఎలా ఉందో అని చెవులు రిక్కించి వింటున్నారు. ఇద్దరిలో ఎవరు మల్లుడో చూద్దాం అంటాడు కవి. రెండే పాదాలు. ఒక మంచం, చీకటి, పంతం, ఇద్దరికీ అవతలి మనిషే లోకం. ఇంటి ప్రేమకి ఇంతకంటే మంచి బొమ్మ నేను చూడలేదు. అలక అంటే అవతలి మనిషి వింటున్నాడన్న నమ్మకం. వినడని తేలిపోయాక ఎవరూ అలగరు, గ్యాస్ బుక్ చేస్తారు. మీ ఇంట్లో ఇద్దరూ నిజంగానే నిద్రపోతున్నారు, అదే నా బెంగ.

సత్యభామని ఈ వెలుగులో చూడండి. నారదుడు తెచ్చిన పారిజాతం రుక్మిణికి ఇచ్చాడని తెలిసి కోపగృహంలో పడుకుంది. ఆవిడకి పువ్వే కావాలా? పువ్వు ఒక మిష, ఆ పువ్వు చేతిలోకి వచ్చిన క్షణంలో నేను గుర్తుకు రాలేదేం అన్నది అసలు బాధ. అది పెద్దమనిషి తరహాగా మింగేసి 'ఏంలేదు లెండి' అని వంటింట్లోకి వెళ్లి ఉంటే పారిజాతాపహరణం అనే కావ్యమే ఉండేది కాదు. ఆవిడ తల తన్నినా నంది తిమ్మన కృష్ణుడు 'నను భవదీయ దాసుని మనంబున నెయ్యపుకింక బూని తాచిన యది నాకు మన్ననయ' అన్నాడు, ప్రేమతో అలిగి తన్నడం నాకు గౌరవమే అని. తన్నమని మీకు సలహా ఇస్తున్నానని అనుకోకండి! కానీ ఏడేళ్లలో ఒక్కసారైనా 'నాకు ఇది కావాలి, మీరు ఇవ్వట్లేదు, నాకు కోపంగా ఉంది' అని ఆయన ముఖం మీద అన్నారా? మీ ఉత్తరంలో ఆ జాడ లేదు.

'ఆయన ప్రేమ మాటల్లో ఉండదమ్మా, పనుల్లో ఉంటుంది, సర్దుకుపో' అని మీ అమ్మగారో అత్తగారో ఈపాటికి చెప్పే ఉంటారు. నేను ఆ మాట చెప్పను. అందులో సగమే నిజం ఉంది. తమిళ సంగం కవిత్వంలో కురుంతొగై అనే సంకలనం ఉంది, అందులో కూడలూర్ కిళార్ రాసిన పద్యం ఒకటి. కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయిని చూసి వచ్చిన దాది, తల్లికి చెబుతోంది. ఆ పిల్ల గట్టి పెరుగుని మెత్తటి వేళ్లతో పిసికింది, ఆ వేళ్లు కట్టుకున్న చీరకే తుడుచుకుంది, ఆ చీరే కట్టుకుని ఉంది, తాలింపు పొగ కాటుక కళ్లల్లోకి పోయింది, తనే కలిపి వండిన పుల్లటి కూర పెట్టింది. మొగుడు తింటూ బాగుందన్నాడు. పిల్ల ముఖం సన్నగా, కనీకనపడనట్టు వెలిగింది. అంతే పద్యం.

వెన్నెలా లేదు, మన్మథుడూ లేడు. వేళ్లకంటిన పెరుగు, చీరకి మరక, కంట్లో పొగ. కానీ గమనించండి, ఆ మొగుడు నోరు విప్పి ఒక్క మాట అన్నాడు. తిని చేయి కడుక్కుని వెళ్లిపోయి ఉంటే ఆ ముఖం వెలిగేది కాదు, దాదికి వచ్చి చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. కాబట్టి మీకు మాట కావాలనిపించడం అత్యాశ కాదు, పుస్తకాల పిచ్చీ కాదు. రెండువేల ఏళ్లనాడు కూడా అది కావాల్సి వచ్చింది.

మీరు నిర్వచనం అడిగారు కాబట్టి నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే మంచిది భవభూతిదే. ఉత్తరరామచరితం అనే సంస్కృత నాటకంలో 'అద్వైతం సుఖదుఃఖయోః' శ్లోకం. సుఖంలోనూ దుఃఖంలోనూ రెండు కానిది, అన్ని స్థితుల్లోనూ వెంట ఉండేది, మనసుకి విశ్రాంతి దొరికే చోటు, ముసలితనం కూడా రుచి తగ్గించలేనిది, కాలం గడిచేకొద్దీ మధ్యలోని తెరలు తొలగిపోయి స్నేహసారంగా నిలిచేది. ఆ తెరల మాట దగ్గర కాసేపు ఆగండి. పెళ్లయిన ఏడేళ్లకి వెలితి పెరిగిందని మీరంటున్నారు, భవభూతి ప్రకారం ఏళ్లు గడిచేకొద్దీ తొలగాల్సింది తెర. అది దానంతటదే తొలగదు, ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి.

అయితే ఆ శ్లోకం ఎవరు, ఎప్పుడు చెప్పారో కూడా మర్చిపోవద్దు. చెప్పింది రాముడు. సీత నిండు గర్భిణి, అతని మీద వాలి నిద్రపోతోంది. ఆ మాట అన్న కాసేపటికే గూఢచారి దుర్ముఖుడు వచ్చి ఊళ్లో అనుకుంటున్నది చెబుతాడు, అదే అంకంలో ఆవిణ్ణి అడవికి పంపే నిర్ణయం అయిపోతుంది. ప్రేమకి అంత గొప్ప నిర్వచనం చెప్పిన నోరే ఆ ఆజ్ఞ కూడా ఇచ్చింది. భవభూతి ఆ రెండిటినీ పక్కపక్కన ఊరికే పెట్టాడని నేననుకోను. పద్యం అందంగా చెప్పగలిగినంత మాత్రాన మనిషి మీద భరోసా పెట్టుకోకూడదని నాకైతే అక్కడే అర్థమవుతుంది. ఇది మీ కాలేజీ ఆయనకీ వర్తిస్తుంది, పద్యం రానంత మాత్రాన ప్రేమ లేదనుకోకూడదన్న సంగతి మీవారికీ వర్తిస్తుంది.

గురజాడ 'కాసులు' కవితలో మొగుడు పెళ్లాంతో మాట్లాడతాడు. 'మరులు ప్రేమని మది దలంచకు, మరులు మరలును వయసు తోడనె' అంటాడు. మాయామర్మం లేని నేస్తం ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే, బతుకు సుఖానికి అదే రాజమార్గం అంటాడు. దానికంటే నాకు ఇష్టమైంది అందులోనే ఇంకో మాట, ఈ కళ ఇంట్లో ఎవరూ నేర్పరు, శాస్త్రాలు నోరెత్తవు, నేను 'కవుల కృప గని' నేర్చుకున్నాను అంటాడు. మీకు ఆ కృప దొరికింది, మీవారికి దొరకలేదు. 'తిన్నావా' అన్న మాట దాటి ఎలా అడగాలో ఆయనకి ఏ ఇంట్లోనూ, ఏ బళ్లోనూ చెప్పలేదు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి చెప్పాలి, ఇంటర్ పిల్లలకి మీరు రోజూ చేస్తున్న పనే అది.

కాబట్టి చేయాల్సింది ఇది. రాత్రి మెసేజీల గురించి కాలేజీ ఆయనతో 'ఇకమీదట వద్దండి' అని ఒక్క ముక్కలో, పగటిపూట చెప్పండి, కారణాలు వివరించక్కర్లేదు. పద్యాల మీద చర్చ కావాలంటే స్టాఫ్ రూంలో నలుగురి మధ్య చేసుకోండి, అప్పుడూ ఆయనకి అంతే ఉత్సాహం ఉంటుందో లేదో మీకే తెలుస్తుంది. కొన్నాళ్లు వెలితిగా ఉంటుంది, ఉండనివ్వండి. ఆ వెలితిని ఎవరితోనో నింపేస్తే అది దేనికోసమో మీకు ఎప్పటికీ తెలియదు.

మీవారికి పాప పడుకున్నాక, టీవీ కట్టేసి చెప్పండి. పద్యాలు వద్దు, మామూలు తెలుగు చాలు. రుక్మిణి పద్ధతిలో తేల్చి చెప్పండి. 'మీరు నన్ను సరిగా చూసుకోవట్లేదు' అంటే ఆయన జీతం, ఇంటి లోను, పాప ఫీజు వరసగా చదువుతారు, అక్కడితో అయిపోతుంది. 'ఫోన్ చేసినప్పుడు గ్యాస్ గురించి కాకుండా నా గురించి ఒక్క మాట అడగండి, ఆదివారం సాయంత్రం మనిద్దరమే ఎక్కడికైనా వెళ్దాం, ఇవి లేకపోతే నేను లోపల్లోపల దూరమైపోతున్నాను' అనండి. చివరి వాక్యం అనడానికి గొంతు పట్టేస్తుంది, అయినా అనండి. గొడవ అయితే కానివ్వండి, అలిగి అటు తిరిగి పడుకోండి, ఆయన ఊపిరి వినండి.

కాలేజీ ఆయన సంగతి మీవారికి చెప్పాలా అని మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. ముందు ఈ మాట అయ్యాక, ఇద్దరూ కాస్త మాట్లాడుకునే స్థితికి వచ్చాక ఆలోచించండి. ఇప్పుడే చెబితే మాట్లాడాల్సిన అసలు విషయం పక్కకిపోయి, ఇల్లంతా ఆ మూడో మనిషి గురించే అవుతుంది. రెండు మూడుసార్లు చెప్పినా ఆయన టీవీ రిమోట్ వదలకపోతే మళ్లీ రాయండి, అప్పుడు వేరే సంగతులు మాట్లాడుకుందాం, సర్దుకుపొమ్మని మాత్రం అప్పుడూ చెప్పను.